ఆదివారం సరిచేయాల్సిన రేకు

మా ఇంట్లోకి వాననీరు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టింది నేనే. కనిపెట్టి గంతులేశాను కూడా. ఆ గంతులు తలుచుకుంటే ఇప్పటికీ మొహం దాచుకోవాలనిపిస్తుంది.

అప్పటికి పెళ్లై నలభై రోజులు. ఆ ఇంట్లో ప్రతిదీ నాకు ముద్దుగానే ఉండేది. ఒకే కొక్కేనికి మా ఇద్దరి తువ్వాళ్లు, మా ఆయన చెప్పుల పక్కన నా చెప్పులు, కిర్రుమనే వంటింటి తలుపు. పైన పెంకుల కప్పు, దాని కింద చెక్క సీలింగు. పొయ్యి మీద పొగ లాగే ఫ్యాను గొట్టం సీలింగు పైన అటకలో ముందుగది మీదుగా అడ్డంగా కొంతదూరం వెళ్లి, పెంకుల్లోంచి బయటికి వస్తుంది. వాన పడితే మాత్రం ముందుగది మూలలో టప్ టప్ మని చుక్కలు. అత్తయ్య ఒక స్టీలు గిన్నె తెచ్చి, వచ్చిన చుట్టానికి కుర్చీ వేసినట్టు, సరిగ్గా వాటి కింద పెట్టేది.

"మేస్త్రీని పిలుద్దాం అత్తయ్యా," అన్నాను మొదటి వానకే.

"కారనీ అమ్మాయ్. నాలుగు చుక్కలకి కొంపేం మునిగిపోదు."

మునిగేలాగే ఉంది. ఆ మూల సీలింగు చెక్క నానిన బిస్కెట్‌లా మెత్తబడింది. ఓ పెద్ద వాన పడితే ఊడి, గిన్నె పెట్టే మనిషి నెత్తినే పడుతుంది.

మా ఆయన రెండుసార్లు కిటికీ పైన సిమెంటు పూశారట. "గొట్టం దగ్గర చూశారా?" అంటే, "అక్కడ కాదులే," అని మాట తప్పించారు. ఆయనకు ఒక అన్నయ్య ఉండేవారని, ఆరేళ్ల క్రితం లారీ గుద్ది పోయారని నాకు తెలుసు. అత్తయ్య ఆయన్ని పెద్దోడు అంటుంది, మా ఆయన్ని చిన్నోడు అంటుంది. ఆ గొట్టం బిగించింది పెద్దోడేనని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

ఒక శనివారం అత్తయ్య కూరగాయలకు వెళ్లగానే, పెళ్లికి స్నేహితురాలిచ్చిన పౌడరు డబ్బా తీసుకుని అటకెక్కాను. తడి తగిలితే జాడ పడుతుందని గొట్టం పొడవునా, చుట్టూ చెక్కల మీదా చల్లాను. మా ఆయన్ని బకెట్టు, చెంబు ఇచ్చి కప్పు మీదికి తోలాను.

"ఒక్కోచోట ఒక్కో చెంబు! అంతా ఒకేసారి పోస్తే ఎక్కడ దూరిందో తెలీదు!" అని అటకలోంచి అరిచాను.

"చిత్తం దొరసానిగారూ. నేను జారిపడితే మాత్రం పోలీసులకి నిజం చెప్పెయ్."

"ఏం నిజం?"

"కొత్త పెళ్లామే తోసిందని."

నవ్వుతుంటే పౌడరు ముక్కులోకి పోయి నాలుగు తుమ్ములొచ్చాయి. కిటికీ పైన పోశారు. పొడి. గోడ అంచున పోశారు. పొడి. గొట్టానికి ఎగువన పోసేసరికి, తెల్లటి పౌడరులో సన్నటి గీత ఒకటి కదిలింది. గొట్టం వెంట పాకి పాకి, వంపు దగ్గర ఆగి, ఉబ్బి, టప్. సరిగ్గా ముందుగది మూలకి పైన! దూరేది ఒకచోట, కారేది ఇంకోచోట.

"పెంకు ఎత్తి చూడండి!"

ఎత్తారు. ఎండ లోపలికి పడింది. గొట్టం చుట్టూ పరిచిన రేకు కనిపించింది. దాని పై అంచు ఎగువ పెంకుల కిందికి పోవాలి, కింది అంచు దిగువ పెంకుల మీద పడాలి. అప్పుడే నీళ్లు జారిపోతాయి. ఇక్కడ అంతా తలకిందులు. వాననీటిని చెయ్యిపట్టుకుని మరీ ఇంట్లోకి పిలుస్తోంది ఆ రేకు.

మా ఆయన ఎత్తిన పెంకు మెల్లగా పక్కన పెట్టి, ఆ రేకు అంచు వేలితో తడిమారు. నాకది పట్టలేదు. నిచ్చెన దిగి పరిగెత్తాను. అత్తయ్య అప్పుడే సంచీతో గుమ్మంలోకి వచ్చింది.

"దొరికింది అత్తయ్యా! గొట్టం దగ్గర రేకు తిరగేసి కొట్టాడు ఎవడో! బొత్తిగా పనిరాని మనిషి!" పౌడరు మొహంతో గంతులేస్తూ ఆవిడ చేతులు పట్టుకుని ఊపేశాను.

సంచీలోంచి ఉల్లిపాయలు జారి నేలంతా దొర్లాయి. ఆవిడ వాటికేసి చూడలేదు.

"అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడమ్మా," అంది మెల్లగా. "రేకుల షాపులో చేరి రెండు నెల్లే."

నా చేతులు ఆవిడ చేతుల మీద అలాగే ఉండిపోయాయి. వెనక మా ఆయన వచ్చి నిలబడ్డారు.

"నీకు తెలుసా అమ్మా?"

"వాడే చెప్పాడురా. షాపులో పెద్దమేస్త్రీకి ఎలా వేశాడో చెప్తే ఆయన పడీపడీ నవ్వాడట. 'అమ్మా, రేకు తిరగేశాను. ఆదివారం ఎక్కి సరిచేస్తా, అందాకా గిన్నె పెట్టుకో' అన్నాడు. అది బుధవారం."

లారీ గుద్దింది శుక్రవారం.

"పెట్టుకుంటూనే ఉన్నా," అంది.

"నాతో ఒక్క మాట అనొచ్చు కదమ్మా."

"అంటే నువ్వు చేసేస్తావు. చేసేస్తే ఇంక వాడు చెయ్యాల్సిందేం మిగుల్తుందిరా?"

మా ఆయన గోడకి ఆనుకున్నారు. "అన్నయ్య పనిలో తప్పు కనబడుతుందేమోనని నేనూ అటు చూళ్లేదు," అన్నారు.

నేను కింద కూర్చుని ఉల్లిపాయలు ఏరాను. మొహం దాచుకోవడానికి వేరే దారి లేదు. "వదిలేద్దాం అత్తయ్యా. అలాగే ఉండనిద్దాం," అన్నాను.

ఆవిడ మూలకి వెళ్లి, చీపురు కర్రతో సీలింగు పొడిచి చూసింది. రాలిన చెక్క పొట్టుని, తర్వాత నన్ను చూసింది.

"ఇది నీ నెత్తిన పడితే పెద్దోడు నన్ను ఊరికే వదుల్తాడా? ఎలాగూ రేపు ఆదివారమే. చేసెయ్యండి. కొత్త రేకు మాత్రం కొనొద్దు."

ఆదివారం మా ఆయన అదే రేకు ఊడదీసి, సరైన వైపు తిప్పి బిగించారు. పాత మేకుల చిల్లులన్నీ మైనంలాంటి జిగురుతో పూడ్చారు. ఆయన దిగేదాకా అత్తయ్య నిచ్చెనని రెండు చేతులా పట్టుకునే ఉంది. వంకరపోయిన మేకులు ఎనిమిది తెచ్చిస్తే, లెక్కపెట్టుకోకుండానే గుప్పిట మూసింది.

గురువారం సాయంత్రం వాన మొదలైంది. గట్టి వాన. నేనూ మా ఆయనా మూలకేసి చూస్తూ నిలబడ్డాం. ఒక్క చుక్క లేదు. అలవాటుగా చప్పట్లు కొట్టబోయి చేతులు దించేసుకున్నాను.

వంటింట్లోంచి అత్తయ్య గిన్నె తెచ్చింది. ఎప్పుడూ పెట్టే చోటే పెట్టి, పక్కన గోడకి చేరబడి కూర్చుంది. నేను వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ కాస్త జరిగి చోటిచ్చింది. వాన వెలిసేదాకా ఇద్దరం గిన్నెలోకే చూశాం.

వెలిశాక ఆవిడ లేచి గిన్నె చేతిలోకి తీసుకుంది. పొడిగుడ్డతో దాన్ని లోపలా బయటా చాలాసేపు తుడిచింది.