చిన్నకోడలి వాచీలాంటిదే

పెద్దకోడలు సెలవు పెట్టి మరీ వాచీ కొనడానికి వెళ్ళింది. పళ్ళ ల్యాబులో కట్టుడు పళ్ళు చేసే ఉద్యోగం ఆమెది. వెంట్రుకవాసి ఎక్కువైనా పన్ను కొరకదు, తక్కువైనా కొరకదు. అలాంటి పనిలో పదిహేడేళ్ళు గడిపిన మనిషి షాపులో కౌంటర్ మీద మోచేతులు ఆనించి, సూటిగా విషయానికొచ్చింది.

"పరిగెత్తేటప్పుడూ సైకిల్ తొక్కేటప్పుడూ పెట్టుకునే జీపీఎస్ వాచీ కావాలమ్మా. ఎంత దూరం పోయానో కాదు, ఎక్కడెక్కడ తిరిగానో అడుగు తప్పకుండా గీయాలి."

"పోటీలకా మేడమ్?" అంది సేల్స్ అమ్మాయి.

"పోటీకే. పోయినేడు నేను నీళ్ళ మీద సైకిల్ తొక్కానట. ఈసారి నేల మీదే తొక్కానని సాక్ష్యం కావాలి."

సేల్స్ అమ్మాయి నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకుంది.

సంగతేమిటంటే, ఊరవతల రిజర్వాయరు చుట్టూ ఏడాదికోసారి ఊళ్ళోని పరుగుల క్లబ్బు పందెం పెడుతుంది. కాసేపు పరుగు, చాలాసేపు సైకిలు, మళ్ళీ కాసేపు పరుగు. క్లబ్బు నడిపేది రిటైరైన సర్వేయరు గారు. దారిలో మలుపు మలుపుకీ మనిషిని నిలబెట్టడం ఆయనకి నచ్చదు. ఎవరి వాచీలోని దారి వాళ్ళు ఇవ్వాలి. ఆయన దాన్ని ప్రింటు తీసి, రిజర్వాయరు పటం మీద పెట్టి చూస్తారు. "మనిషి మాట మారుస్తాడు, గీత మార్చదు" అంటారు. గీత తేడాగా ఉంటే ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఆ కాగితాన్ని మరుసటి ఏడు పందెం దాకా క్లబ్బు బోర్డు మీదే ఉంచుతారు. మిగతావాళ్ళకి బుద్ధి రావాలని.

పోయినేడు పెద్దకోడలు అందరికంటే నాలుగు నిమిషాలు ముందొచ్చింది. గీత చూస్తే రెండు చోట్ల ఒడ్డున పోవాల్సింది నీళ్ళకి అడ్డంగా పోయింది. తిన్నగా, స్కేలు పెట్టి కొట్టినట్టు. సర్వేయరు గారు ఆమె పేరు కొట్టేశారు. రెండో స్థానంలో వచ్చిన మనిషికి మొదటి స్థానం ఇచ్చారు. ఆ రెండో మనిషి ఆమె తోటికోడలే. అదే ఇంట్లో కింది వాటాలో ఉండే చిన్నకోడలు.

"అక్కా, ఎవరేమన్నా నేను నమ్మను" అని ఆ రోజు అందరి ముందూ కావలించుకుంది చిన్నకోడలు. వారం తిరక్కుండానే, "మా అక్క పడవ ఎక్కడ దాచిందో ఇల్లంతా వెతుకుతున్నాం" అని క్లబ్బులో నవ్వించింది. అప్పట్నుంచి ఆమె అందరికీ పడవక్క. కూరగాయల దగ్గర కలిసినా, "పడవక్కా, బాగున్నావా?" అంటారు. అత్తగారైతే చుట్టాలకి ఫోన్లు చేసి, "పెద్దది కాస్త తొందరపడిందిలెండి. ఎంతైనా గెలుపు మా ఇంట్లోనే ఉంది" అని సర్దిచెప్పింది. ఆ సర్దిచెప్పడం ఎర్ర సున్నా కంటే ఎక్కువ మండింది పెద్దకోడలికి. భర్త మాత్రం, "ఏదో ఆటకి పోయి ఇంత పట్టుదలేమిటే, వదిలెయ్" అన్నాడు. ఆమె వదల్లేదు. ఏడాది పొడుగునా తెల్లారగట్ల లేచి పరిగెత్తింది. ప్రతి అడుగూ చిన్నకోడలి వీపు మీద వేసినట్టే వేసింది.

సేల్స్ అమ్మాయి మూడు వాచీలు పరిచింది. బూడిదరంగుది తేలికగా ఉంది, అద్దం తాకితే చాలు పని చేస్తుంది. నీలంది ఉపగ్రహాల సంకేతాలు రెండు రకాలు అందుకుంటుంది, చెట్ల కిందా ఎత్తైన గోడల పక్కనా కూడా దారి తప్పదు. పరుగు నుంచి సైకిలుకి మారడానికి ఒక్క నొక్కు చాలు. మూడోది నల్లది, బరువైనది, పక్కన అయిదు బటన్లున్నాయి.

"మీ మణికట్టు సన్నం మేడమ్. నీలంది కళ్ళు మూసుకుని తీసుకోండి" అంది అమ్మాయి. "పాతదేమైనా ఉంటే ఇవ్వండి, మార్పిడి కింద తీసుకుంటాం."

పెద్దకోడలు సంచిలోంచి పాత వాచీ తీసింది. అది ఒకప్పుడు చిన్నకోడలిదే. కొత్తది కొనుక్కున్నాక, "నువ్వు వాడుకో అక్కా" అని ఇచ్చింది. పందెం సాయంత్రం దాన్ని సొరుగులో పడేశాక పెద్దకోడలు మళ్ళీ ముట్టుకోలేదు.

అమ్మాయి దానికి ఛార్జింగు పెట్టి, కాసేపయ్యాక బటన్లు నొక్కి చూసి కనుబొమలు ముడిచింది.

"మేడమ్, ఇది బ్యాటరీ ఆదాలో ఉంది. ఈ పాత మోడల్ ఆదాలో పెడితే రెండు నిమిషాలకోసారే మీరెక్కడున్నారో చూసుకుంటుంది. మధ్యలో మీరు ఎన్ని మలుపులు తిరిగినా దానికి తెలీదు. ఆ చుక్కకీ ఈ చుక్కకీ గీత కలిపేస్తుంది."

పెద్దకోడలు వాచీని తన వైపు తిప్పుకుంది. "మొదట్నుంచీ అలాగే ఉందా?"

ఇద్దరూ తల దగ్గర తల పెట్టి చూశారు. పందేనికి ముందు రోజు ఉదయం పరుగుకి, వీధిలో గుంత తప్పించుకున్న వంపుతో సహా గీత పడింది. పందెం రోజు మాత్రం చుక్కలూ, చుక్కల మధ్య తిన్నని గీతలూ. నడుమ ఉన్నది ఒక్క సాయంత్రం. ఆ సాయంత్రం కింది వాటా నుంచి చిన్నకోడలు మెట్లెక్కి వచ్చి, "నీకా మెనూలు అర్థం కావక్కా, ఇలా ఇవ్వు, ఛార్జింగు నేను పెట్టిస్తా" అని తీసుకెళ్ళింది. పొద్దున్నే తెచ్చి స్వయంగా చేతికి కట్టింది.

పెద్దకోడలు అరవలేదు, ఏడవలేదు. నీలం వాచీని వేలితో పక్కకి జరిపింది.

"మా తోటికోడలు పెట్టుకునేది ఈ నల్లదేనమ్మా. ఇందులోనూ ఆ ఆదా ఉంటుందా?"

"ఉంటుంది. ఇందులో కూడా అంతే, రెండు నిమిషాలకోసారి. కానీ మీరు దాని జోలికి పోకండి."

"నేను పెట్టుకోను. ఎలా పెట్టాలో మాత్రం చూపించు. చేతికి గ్లవ్స్ ఉన్నా బటన్లు నొక్కొచ్చా?"

"నొక్కొచ్చు. కానీ మేడమ్, ఇది మీకు బరువు. మీరడిగిన పనికి నీలందే..."

"నాకు పని మారింది" అంది పెద్దకోడలు. "నల్లదే కట్టు."

తరువాత మూడు వారాలు మధ్యాహ్నం భోజనాల వేళ ల్యాబులో ఆమె ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని, రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, వాచీని బల్ల కింద పెట్టుకుని నొక్కేది. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క రెండు, మళ్ళీ ఎడమ. మొత్తం ఏడు నొక్కులు. మొదట్లో నిమిషం పట్టేది. చివరికి చూడకుండా పది లెక్కపెట్టేలోపు అయిపోయేది.

"ఓహో, నాదే కొన్నావా అక్కా!" అని చప్పట్లు కొట్టింది చిన్నకోడలు. "కాపీ కొట్టడానికైనా కళ ఉండాలిలే."

"నీ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉందమ్మాయ్" అంది పెద్దకోడలు.

పందేనికి ముందు రోజు సాయంత్రం నాలుగింటికి చిన్నకోడలు పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. నెలనెలా ఆమె తలకి రంగు వేసేది పెద్దకోడలే. మరక పడుతుందని వాచీ తీసి స్టూలు మీద పెట్టింది. కళ్ళ మీద తువ్వాలు కప్పుకుంది. పెద్దకోడలు గ్లవ్స్ తొడుక్కుని, ఒక చేత్తో పాయ తీసి, రెండో చేత్తో వాచీ అందుకుంది.

"నీ చెయ్యి భలే హాయిగా ఉంటుందక్కా. పార్లర్లో వాళ్ళు పీకేస్తారు."

ఆరో నొక్కు దగ్గర పెద్దకోడలి బొటనవేలు ఆగింది. ఎంతైనా ఒక గడపలో తిరిగిన మనుషులు. తన రెండో కాన్పుకి రాత్రీ పగలూ కూర్చున్నది ఈ పిల్లే. ఇప్పుడే తువ్వాలు లాగి, ఎందుకు చేశావే అని అడిగేస్తే పోలా?

తువ్వాలు కింద నుంచి చిన్నకోడలు కిసుక్కున నవ్వింది. "అన్నట్టు అక్కా, రేపు పడవ మాత్రం తేకు. సర్వేయరు గారి దగ్గర ఎర్ర సిరా అయిపోయిందట."

ఏడో నొక్కు పడింది.

మర్నాడు చిన్నకోడలు బాగా తొక్కింది, బాగా పరిగెత్తింది. అడ్డదారి తొక్కే మనిషేం కాదు. పెద్దకోడలు ఊపిరి ఎగబీలుస్తూ నలభై సెకన్లు వెనక వచ్చింది. బాధేసింది కానీ మింగేసింది. అందరూ క్లబ్బులో చేరి నారింజ తొనలు తింటుండగా ప్రింటరు గరగరమంది. సర్వేయరు గారు కళ్ళజోడు సవరించుకుని, చిన్నకోడలి కాగితం మీద ఎర్ర సున్నా చుట్టారు. పక్కనే రెండోది.

"కోడళ్ళిద్దరికీ ఒకటే పడవా ఏంటి?" అన్నాడెవరో. హాలంతా గొల్లుమంది.

చిన్నకోడలు ఒంటికాలి మీద లేచింది. "నేను ఒడ్డు వెంటే తిరిగాను! నా వెనకాలే కదా మీరంతా వచ్చింది!"

"గీత అలా చెప్పడం లేదమ్మా" అన్నారు సర్వేయరు గారు.

"గీతకేం తెలుసండీ! ఇది బ్యాటరీ ఆదాలో పడిపోయింది, అంతే! అందులో పెడితే రెండు నిమిషాలకోసారే చూస్తుంది, మలుపులు ఎగిరిపోతాయి, నీళ్ళ మీద పోయినట్టే పడుతుంది. ఎవరికైనా అలాగే పడుతుంది!"

"ఎవరికైనానా?" సర్వేయరు గారు బోర్డు వైపు తిరిగారు. ఏడాదిగా ఎండకి వెలిసిపోయిన పెద్దకోడలి కాగితం చూశారు. చేతిలో ఉన్నది చూశారు. "ఈ సంగతి నీకు ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చిన్నకోడలు మెల్లగా తల తిప్పి తోటికోడలిని చూసింది. ఆ చూపు కోసమే పెద్దకోడలు మూడు వారాల భోజనాలు చల్లార్చుకుంది.

చేతిలో తొన నోట్లో వేసుకుని, నమిలి, గింజ ఊసి, పెద్దకోడలు లేచింది. "ఆమె వాచీ నిన్న నేను మార్చాను సర్వేయరు గారూ. ఆమె సరిగ్గానే తిరిగింది. నా వాచీ పోయినేడు ఎవరు మార్చారో ఆమెనే అడగండి."

అడగాల్సిన పని లేకపోయింది. చిన్నకోడలి ముఖమే చెప్పేసింది. సర్వేయరు గారు బోర్డు మీది పాత కాగితం పీకి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. "పోయినేడు నాదే పొరపాటు" అన్నారు నేల చూస్తూ. తరువాత గొంతు సవరించుకుని ఈ ఏటి పందెంలోంచి ఇద్దర్నీ కొట్టేశారు. మూడో స్థానంలో వచ్చిన పోస్ట్‌మ్యాన్‌కి మొదటి స్థానం అంటే, ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో చూసుకున్నాడు.

వచ్చింది ఒకే కారులో కాబట్టి తిరిగి వెళ్ళడమూ ఒకే కారులోనే. సైకిళ్ళు వెనక కట్టి, పెద్దకోడలే నడిపింది. రిజర్వాయరు వెనకబడింది.

"నన్ను ఒక్కసారి అడగొచ్చు కదా అక్కా" అంది చివరికి చిన్నకోడలు.

"అడిగితే ఒప్పుకునేదానివా?"

కారు రెండు సిగ్నళ్ళు దాటింది. "లేదు" అంది చిన్నకోడలు. "అందరూ ఎప్పుడూ నిన్నే మెచ్చుకుంటారు. ఒక్కసారి... ఒక్కసారి నన్ను అంటారేమోనని."

పెద్దకోడలికి జాలి కలగలేదు. కలుగుతుందేమోనని కాసేపు చూసింది, కలగలేదు. అంతలో ఫోన్ మోగింది. అత్తగారు. స్పీకరు పెట్టింది.

"ఎవరే గెలిచింది? చుట్టాలంతా అడుగుతున్నారు!"

పెద్దకోడలు కారు పక్కకి తీసి ఆపింది. ఫోన్ తీసి తోటికోడలి చేతిలో పెట్టింది.

"పోయినేటి నుంచి మొదలుపెట్టు" అంది.

చిన్నకోడలు ఫోన్ వైపు చూసింది, ఆమె వైపు చూసింది. తప్పించుకునే దారి కనబడలేదు. "అత్తయ్యా..." అంది, దాదాపు వినబడకుండా.

పెద్దకోడలు చెయ్యి చాచి శబ్దం పెంచింది.