సీతయ్యకు కిటికీ పక్క సీటు

దీవి చూపిస్తామని చెప్పి మా కమిటీని ఊరు దాటించాలని చూసింది మీరే. రంగుల కాగితాలు అచ్చేయించిన కంపెనీ వాళ్లు మీరు. మా రిజిస్టరు నకలు వాళ్ల చేతిలో పెట్టిన మండలాఫీసు వాళ్లు మీరు. కాదంటారా? కాదనే ముందు ఇది చదవండి.

ఫిబ్రవరి చివర్లో ప్రేమ్‌సాగర్ అనే ఆయన తెల్ల జీపులో మా గూడేనికి వచ్చాడు. పర్ణశాలలో యాత్రికుల ముందు మా వాళ్లు డోలు కొడుతుంటే విన్నాడట. 'సంగీతం, ప్రకృతి, విశ్రాంతి' అని అచ్చేసిన కాగితం ఇంటికొకటి పంచాడు. అండమాన్ వైపు ఒక దీవి. మార్చి పది నుంచి పదిహేడు దాకా. పొద్దంతా సముద్రం, సాయంత్రం డోలు. విమానం, తిండి, పడక అంతా కంపెనీదే.

నేను బొగ్గుబావుల బస్తీలో పుట్టినదాన్ని. ఆ బస్తీ ఇప్పుడు లేదు, ఓపెన్‌కాస్ట్ గని మింగింది. పట్టాల కాగితాలు చదివి పెడదామని ఈ గూడేనికి వచ్చి పదకొండేళ్లుగా ఇక్కడే ఉండిపోయాను. కంపెనీ మనిషి మిఠాయి ఇస్తే ముందు రెండో చేతిలో ఏముందో చూస్తాను. బొజ్జయ్య అట్లా చూసే మనిషి కాదు. డోలు జట్టుకు పెద్ద ఆయనే, అటవీ హక్కుల కమిటీకి పెద్దా ఆయనే. ఈ గోదావరి అంతా పోయి ఎందులో పడుతుందో ఒక్కసారి చూడాలని ఆయనకు చిన్నప్పటి నుంచీ కోరిక.

ఆ సాయంత్రమే ఆయన వాకిట్లో ప్రయాణం మాటలు మొదలయ్యాయి.

“డోలు విమానంల పడ్తదా?” అన్నాడు మంగయ్య.

“దానికి వేరే సీటు దీస్కోవాలె. నీకంటె అదే బరువు,” అంది బొజ్జయ్య భార్య కన్నమ్మ. జట్టులో ఆమె కూడా డోలు కొడుతుంది.

“దీవిల ఏముంటదట?”

“అడవి ఉంటదట. నీళ్ల నడుమ.”

“అడవి చూడనీకి అడవిలకెల్లి విమానం ఎక్కుడా? నలుగురు వింటె నవ్వుతరే!”

“నవ్వనియ్యి. నువ్వు పోతలేవు గద, నీకేంది? నీకు డోలు పట్టుడే రాదు.” కన్నమ్మ మొగుడి వైపు తిరిగింది. “అంతా మంచిగనే ఉన్నది గని, ఇప్పపువ్వు రాలే దినాలాయె. ఏరేదెవరు?”

“ఒక్క ఏడు ఎలుగులు తిననియ్యి,” అన్నాడు బొజ్జయ్య.

ఒక్క పువ్వు మట్టిలో పడి ఉన్నా వంగి తీసుకునే మనిషి అన్న మాట అది. నాకు భయం వేసింది. కన్నమ్మ మర్నాడే భద్రాచలం పోయి ఇసకలో నడవడానికని కొత్త రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చింది.

నాలుగు రోజులకు ఒక ముసలమ్మ పింఛను పని మీద మండలాఫీసుకు పోయాను. అక్కడ తలుపు వెనక, బయటివాళ్లకు కనపడకుండా, ఒక నోటీసు అంటించి ఉంది. మార్చి పద్నాలుగున, పన్నెండు కిలోమీటర్ల అవతలి పంచాయతీ ఆఫీసులో గ్రామసభ. మా ఇప్పచెట్ల గుట్టను బొగ్గు తవ్వకానికి ఇవ్వడం గురించి. అభ్యంతరాలు ఉన్నవాళ్లు ఆ రోజే వచ్చి చెప్పాలట. లేచి వద్దనేవాడు లేకపోతే ఏం రాస్తారో నాకు తెలుసు. 'అభ్యంతరం లేదు' అని రాస్తారు. మా బస్తీకీ అదే రాశారు.

పరుగున వచ్చి చెప్పాను. బొజ్జయ్య చిరాకుపడ్డాడు.

“నీకు పాయసంల గూడ పురుగే కనవడ్తదా సునందా? తారీకులు కలిసినయి కావొచ్చు. పొయ్యేది డోలు కొట్టే ఎనమండుగురం. అండ్ల కమిటీల ఉన్నది ముగ్గురమే. మిగిలినోళ్లు సభల లేసి వద్దంటరు. మాకు ఈ ముచ్చట గూడ ఉండొద్దా?”

అరవై ఏళ్ల మనిషి జీవితంలో మొదటిసారి సెలవు అడుగుతున్నాడు.

మార్చి ఐదున ప్రేమ్‌సాగర్ మళ్లీ వచ్చాడు, మెడలో వేసుకునే కార్డులు తెచ్చాడు. ఒక్కొక్క పేరే పిలిచి ఇస్తున్నాడు. మొదట బొజ్జయ్య. తర్వాత మంగయ్య. డోలే రాని మంగయ్య తెల్లబోయి కార్డు తీసుకున్నాడు. తర్వాత కన్నమ్మ. డోలు కొట్టేవాళ్లు ఐదుగురు చేతులు చాపుకొని నిలబడే ఉన్నారు.

“మీరు రెండో విడతలో,” అన్నాడు ఆయన.

ఆయన చేతిలోని జాబితాలోకి తొంగి చూశాను. పదిహేను పేర్లు. మా కమిటీ రిజిస్టరులో ఉన్నవీ పదిహేనే. అందులో ఏ వరసలో ఉన్నాయో అదే వరస. ఏడో పేరు దగ్గరికి వచ్చాడు.

“సీతయ్య గారు!”

వాకిట్లో అందరూ బొజ్జయ్య వైపు తిరిగారు.

సీతయ్య బొజ్జయ్యకు అన్న. పోయి రెండేళ్లయింది. మా గూడెంలో పోయినవాళ్లకు రాయి నిలబెడతారు. ఎద్దును తేవాలి, పది ఊళ్ల చుట్టాలను పిలవాలి, అందుకని ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. రాయి నిలబెట్టేదాకా ఆ మనిషి పేరు దేంట్లోనూ కొట్టెయ్యరు. అట్లా సీతయ్య పేరు కమిటీ రిజిస్టరులో ఉండిపోయింది. అది మాకు తెలుసు. రిజిస్టరు చూసి ఎక్కించుకున్నవాడికి తెలియదు.

సీతయ్య భార్య జంపక్క లేచి చెయ్యి చాపింది.

“నాకియ్యి సారూ, నేనిస్త ఆయనకు. కిటికీ పక్క సీటున్నదా?”

“ఉందమ్మా. అన్నీ చూసుకున్నాం.”

“మోకాళ్ల నొప్పులు ఆయనకు.”

“చక్రాల కుర్చీ పెట్టిస్తాం. నిన్ననే ఆయనతో ఫోన్లో మాట్లాడాను. చాలా హుషారుగా ఉన్నారు.”

జంపక్క కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. “నీతోని మాట్లాడిండా? నసీబున్నోనివి సారూ. నాతోని మాట్లాడక రెండేండ్లాయె.”

మంగయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రేమ్‌సాగర్ కూడా నవ్వాడు. “దీవికి వస్తే మీ అలకలన్నీ తీరిపోతాయమ్మా!”

బొజ్జయ్య నవ్వలేదు. “ఏమన్నడు మా అన్న?”

“పాట కూడా పాడతానన్నారు.”

బొజ్జయ్య మెడలో కార్డు తీసి జీపు బానెట్ మీద పెట్టాడు.

“మా అన్న ఆ గుట్ట కింద పండుకున్నడు. రాయి గూడ పెట్టలే ఇంక. ఆయన పేరు ఒక్క బుక్కులనే ఉన్నది. ఆ బుక్కు నా పెట్టెల ఉంటది. దాని నకలు మండలాఫీసుకు తప్ప ఎవ్వలికియ్యలే. నీకెట్ల వచ్చింది?”

“అది... పైనుంచి వచ్చిన లిస్టు,” అన్నాడు ప్రేమ్‌సాగర్.

“పైన అంటే ఎవరు?” అన్నాను. ఆయన డ్రైవర్ వైపు చూశాడు.

“సారూ,” అన్నాడు బొజ్జయ్య మెల్లగా, “నాకు సముద్రం చూడాల్నని ఉన్నది. ఇప్పటికీ ఉన్నది. పద్నాలుగు దాటినంక తీస్కపో. అది ఏడికి పోదు. మా గుట్టనే పోతది.”

“తేదీలు మారవండీ.”

“అవ్. మారవ్.” బొజ్జయ్య నా వైపు చూసి తల ఊపాడు. కార్డులన్నీ బానెట్ మీదికి వచ్చి పడ్డాయి, ఒక్కటి తప్ప. సీతయ్యది జంపక్క ఇవ్వలేదు, కొంగున కట్టుకుంది. కన్నమ్మ కొత్త చెప్పులు కవరులోంచి తీసి కాళ్లకు తొడిగి చూసుకుంది. “ఇవేస్కొని పద్నాలుగునాడు పంచాయతీకి నడుస్త,” అంది.

ఇంక మీ వంతు. ఆ సభ పన్నెండు కిలోమీటర్ల అవతల కాదు, మా గూడెంలో పెట్టండి. నోటీసును తలుపు వెనక నుంచి పీకి ప్రతి ఇంటి ముందూ చదవండి, మా వాళ్ల భాషలో చదవండి. రిజిస్టరు నకలు ఎవరిచ్చారో ఆ మనిషిని తెచ్చి జంపక్క ముందు నిలబెట్టండి. ఎక్కడ పెట్టినా మేం పద్నాలుగో తారీకున డోళ్లతో వస్తున్నాం. సీతయ్యతో మాట్లాడామన్నారు కదా, ఆయన ఏమన్నాడో పూర్తిగా రాసుకోండి. గుట్ట ఇవ్వనన్నాడు. ఆ మాట ఆయన పేరుతోనే తీర్మానంలోకి ఎక్కించండి.