విన్నీకి వినిపించని పిట్ట

మే నెలలో రాత్రంతా దక్షిణపు గాలి వీస్తే, తెల్లారేసరికి సెంట్రల్ పార్కు చెట్ల నిండా వలస పిట్టలు దిగి ఉంటాయి. ఆదివారాలు పిట్టల్ని చూడవచ్చే మమ్మల్ని వాటి వెంట తిప్పే మనిషి వినిఫ్రెడ్ కాస్టెలానో. మాకందరికీ విన్నీ. పియానోలు శ్రుతి చేసి బతికిన మనిషి. పిట్ట కంటపడకముందే గొంతు విని పేరు చెప్పేది.

ఆ ఏడాది ఆమె తీరు మారింది. చెట్ల కింద ఆగి చెవి ఒగ్గడం మానేసి, చెరువు గట్టున బాతుల గురించే చాలాసేపు మాట్లాడేది. ఆమె పాత స్నేహితుడు ఇర్వింగ్ మాత్రం పక్కనే నడుస్తూ, ఉన్నట్టుండి దగ్గి ఏదో కొమ్మవైపు గడ్డం తిప్పేవాడు. ఆమె అటు చూసి పిట్ట పేరు చెప్పేది. మాకెవరికీ అనుమానం రాలేదు.

వాన వెలిసిన ఒక చల్లటి ఉదయం, కొత్తగా చేరిన ఒడాలిస్ అనే నర్సు, ఆ సన్నటి పాట ఏ పిట్టదని అడిగింది. ఇర్వింగ్ దగ్గాడు. విన్నీ అతని వైపు చూడకుండానే, అది రెడ్‌స్టార్ట్ అని చెప్పేసింది. తప్పని మాలో పాతవాళ్లకు తెలుసు.

ఇంతలో పురుగుల కోసం ఆ పిట్టే కింది కొమ్మకు దిగింది. నిప్పులాంటి నారింజ గొంతు, నల్లటి చారలు. రెడ్‌స్టార్ట్ కాదు, బ్లాక్‌బర్నియన్. చేయి చాస్తే అందేంత దగ్గరలో ముక్కు తెరిచి, గొంతు వణికిస్తూ పాడుతోంది. విన్నీ దుర్భిణి దించేసి దాన్ని అలాగే చూస్తూ నిలబడింది.

"అది పాడుతోందా?" అంది.

"పాడుతోంది," అన్నాడు ఇర్వింగ్.

"ఎంతసేపట్నుంచి?"

"మనం వచ్చినప్పట్నుంచీ."

ఆమె వెళ్లి తడి బెంచీ మీద కూర్చుంది. మాటలన్నీ బాగానే వినిపిస్తున్నాయనీ, పై స్వరాలే పోయాయనీ, శీతాకాలంలోనే తెలిసిందనీ చెప్పింది. తర్వాత ఇర్వింగ్ వైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ దగ్గి దగ్గి నన్ను బొమ్మలా ఆడించావు."

"నువ్వు మానేస్తే ఆదివారాలు నేనేం చెయ్యను? మా ఆవిడతో కర్టెన్లు కొనడానికి పోనా?"

ఆమె నవ్వలేదు. ఒడాలిస్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, పాట ఎలా ఉందో చెప్పమంది. తుప్పు పట్టిన కుళాయి తిప్పినట్టు ఉందని ఆ అమ్మాయి మొహమాటపడుతూ చెప్పింది.

"చివర్లో ఇంకా పైకి పోవాలి. దారం సూదిలోకి దూరినంత సన్నగా. మళ్లీ విను."

ఒడాలిస్ కళ్లు మూసుకుని విన్నది. అవును, పైకి పోతోంది అంది. విన్నీ తలూపింది. అప్పుడు తుడుచుకుంది కళ్లు, అద్దాలు సరిచేసుకునే నెపంతో.

మరుసటి ఆదివారం నడక మొదలయ్యే ముందే తనకేవి వినపడవో అందరికీ చెప్పింది. ఒక జంట మొహాలు చూసుకుని, వేరే గుంపుతో వెళ్లిపోయారు. ఆమె వాళ్లను కాసేపు చూసి, "పదండి, ఎండెక్కకముందే" అంటూ చెట్లలోకి దారితీసింది. ఆ రోజు ఆమెకు వినపడని పాటలు మేమే వింటూ, చాలా పిట్టల పేర్లు తప్పు చెప్పాం. నడక మధ్యాహ్నం దాకా సాగింది.