తల తిప్పలేదు

నగల మరమ్మతు నా పని. తెగిన గొలుసులు అతకడం, ఊడిన రాళ్లు పొదగడం, వేలికి బిగుసుకుపోయిన ఉంగరాలు కోసి తీయడం. పసిపిల్లల చెవులు కుట్టడం దాంతోపాటే వచ్చింది. నలభై రెండేళ్లలో ఎన్ని చెవులు కుట్టానో నాకు తెలియదు. మా వీధి మలుపులో బస్సు కోసం నిలబడే ఆడవాళ్లలో సగం మంది చెవులు నా చేతిలోంచి వెళ్లినవే.

చెవి కుట్టడంలో కష్టం సూదితో కాదు, తలతో. పసిబిడ్డ తల ఒక్కచోట నిలవదు. గట్టిగా పట్టుకుంటే బెదిరి ఏడుస్తుంది. ఏడిస్తే మెడ బిగుస్తుంది, సిరాతో పెట్టిన చుక్క పక్కకు జరుగుతుంది. అందుకని నేనొక ఏర్పాటు చేసుకున్నాను. తల్లి కూర్చునే కుర్చీకి వెనక రెండు పక్కలా రెండు మేకులు కొట్టి, ఒక్కోదానికి ఒక్కో పాత తాళాల గుత్తి వేలాడదీశాను. వాటికి కట్టిన తాళ్లు బల్ల కింద నా కాళ్ల దగ్గరికి వస్తాయి. కుడి చెవి కుట్టాలంటే ఎడమ పక్క తాడు బొటనవేలితో లాగుతాను. గుత్తి గలగలమంటుంది. బిడ్డ అటు తిరుగుతుంది, కుడి చెవి నా ఎదటికి వస్తుంది. ఏమిటా చప్పుడు అని బిడ్డ ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో సూదిలా మొన తీసిన తీగ దిగిపోతుంది. తర్వాత రెండో చెవి.

నెల పిల్లలు సరిగ్గా తిరగరు. అయిదు నెలలు దాటిన బిడ్డ తిరగకపోవడం నేను ఎరగను.

మా అమ్మాయికి పెళ్లయిన నాలుగేళ్లకు పాప పుట్టింది. బొద్దుగా, గుండ్రంగా ఉంటే వాళ్ల నాన్న బుడంకాయ అని పిలిచాడు, అదే పేరైపోయింది. అల్లుడు లేతు షాపులో పని చేస్తాడు. ఇల్లు ఆ షాపు పైనే. పగలంతా కింద ఇనుము కోస్తున్న చప్పుడు. ఆ ఇంట్లో అడుగుపెడితే మంచినీళ్లు కావాలన్నా అరిచి అడగాలి. బుడంకాయ మాత్రం ఆ చప్పుడులోనే గుప్పెళ్లు మూసుకుని హాయిగా నిద్రపోయేది.

"నా మనవరాలు బంగారం అన్నయ్యగారూ. పక్కన పిడుగు పడ్డా కన్ను తెరవదు," అని మా వియ్యపురాలు నాకూ, వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

నేనూ తల ఊపేవాణ్ణి. అందరం మురిసిపోయాం.

పాపకు ఏడో నెల వచ్చాక చెవుల మాట లేచింది. ఆ ఆదివారం నేనూ వాళ్లింట్లోనే ఉన్నాను.

"దాని చెవులు దానివి. పెద్దయ్యాక కావాలంటే అదే అడుగుతుంది. అప్పుడు నేనే దగ్గరుండి తీసుకెళ్తా," అన్నాడు అల్లుడు.

"పెద్దయ్యాకైతే నొప్పి గుర్తుంటుంది. ఇప్పుడైతే రెండు నిమిషాలు ఏడ్చి, పాలు తాగి మర్చిపోతుంది," అంది మా అమ్మాయి.

"మర్చిపోతుందని చేసేస్తామా? అయితే నువ్వు నిద్రపోయినప్పుడు నీ జడ కత్తిరించేస్తా. లేచేసరికి మర్చిపోతావు."

"నువ్వు భయపడక్కర్లేదులే. నేను కత్తిరిద్దామన్నా నీ నెత్తి మీద ఏం మిగల్లేదుగా."

వియ్యపురాలు పకపకా నవ్వి, వెంటనే కొడుకు పక్షం చేరింది. "వాడన్నదీ నిజమేనమ్మా. బయట వానలు. చీము పడుతుందేమో."

"మీరు మాత్రం కుట్టించుకోలేదా అత్తయ్యా?"

"నన్నెవరడిగారు తల్లీ? పట్టుకుని కుట్టేశారు. అందుకే అంటున్నా."

"మొన్న బస్సులో ముగ్గురడిగారు, బాబు పేరేంటని. పూల గౌను వేసి తీసుకెళ్తే బాబట! ఒకావిడైతే, మీ వాడు పెద్దయితే పోలీసవుతాడమ్మా అని దీవించింది."

"అవనీ. ఇంట్లో ఒకరైనా పోలీసుంటే నీ నోటికి అడ్డుంటుంది," అన్నాడు అల్లుడు.

మా అమ్మాయి నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాన్నా."

అందరూ నన్ను చూశారు. నేను పెద్దగా మాట్లాడను. మాటలు కూడా తూకం వేసి ఇస్తాడు ఈయన అని మా ఆవిడ ఉన్నన్నాళ్లూ అనేది.

"చిన్నప్పుడు చెవి మెత్తగా ఉంటుంది," అన్నాను.

"అయిపోయింది. మామయ్యగారు నోరు తెరిచారంటే తీర్పు వచ్చేసినట్టే," అని అల్లుడు లేచాడు. నవ్వుతూనే లేచాడు గాని, చెప్పులు వేసుకుంటూ నవ్వు ఆపేశాడు. "మీ ఇష్టం. నేను మాత్రం రాను. రేపేమన్నా అయితే నన్ను అనొద్దు."

మూడో రోజు పదింటికి మా అమ్మాయి పాపతో కొట్టుకు వచ్చింది. నేను చేతులు కడుక్కుని, తీగలు మరగబెట్టి, స్పిరిట్‌తో తుడిచి పెట్టాను. పాప చెవి తమ్మెల మీద చుక్కలు పెట్టి, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో దూరం జరిగి చూశాను. అమ్మాయి కుర్చీలో కూర్చుని పాపను ఒళ్లో నిలబెట్టుకుంది.

ఎడమ పక్క తాడు లాగాను. గుత్తి గలగలమంది.

పాప తల తిప్పలేదు. నా కంటికి తగిలించుకున్న భూతద్దాన్ని చూస్తోంది.

ఇంకోసారి లాగాను. గట్టిగా లాగాను. పక్క కొట్టు కుట్టుమిషను ఆయన ఏమిటా అని తొంగి చూశాడు. పాప నా భూతద్దం కోసం చెయ్యి చాచింది. కుడి తాడు లాగాను. రెండూ కలిపి లాగాను. నా చెవులే గింగురుమన్నాయి. పాప నన్ను చూసి పళ్లులేని నోటితో నవ్వింది.

తాళ్ల మీంచి కాలు తీశాను.

"ఏంటి నాన్నా, ఇవాళ తాళాలతో కచేరీ పెట్టావు? కానీ, దానికి పాల వేళవుతోంది," అంది అమ్మాయి.

అప్పుడే చెప్పాల్సింది. తీగ బల్ల మీద పెట్టి, తల్లీ, దీనికి వినబడుతున్నట్టు లేదు అనాల్సింది. నేను అనలేదు. ఎడమ చేత్తో పాప తల పట్టుకుని, కుడి చేత్తో తీగ దించాను. పాప కెవ్వుమంది. రెండో పక్కా దించాను. అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ నవ్వి, పాపకు అద్దం చూపించింది. "చూడవే, ఇప్పుడెవరంటారో బాబని."

వాళ్లు వెళ్లాక కొట్టు తలుపు మూసేశాను. జలుబు చేసి ఉంటుందనుకున్నాను.

పది రోజులకు ఫోనొచ్చింది. పాప ఎడమ చెవి తమ్మె వాచి చీము పట్టిందట, మూడు రోజులు జ్వరమట. వెళ్లాను. డాక్టరిచ్చిన మందుకు అప్పటికే వాపు తీసింది. జ్వరం కూడా తగ్గింది. చెవి కడిగి తుడిచి పాపను చాప మీద కూర్చోబెట్టాను. వంటింట్లోంచి స్టీలు మూత ఒకటి తెచ్చి, పాప వీపు వెనక గచ్చు మీద పడేశాను. పాప చేతిలో ఉన్న చెంచాను చీకుతూనే ఉంది.

"ఏం పడింది నాన్నా?" అమ్మాయి లోపల్నించి కేకేసింది.

"మూత జారింది," అన్నాను.

జలుబు లేదు. చెవిలో గుబిలి అడ్డం పడిందేమో అనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడానికి నాకేమీ దొరకలేదు. అయినా చెప్పలేదు. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఆదివారం అని ఆరు వారాలు గడిపాను.

నేను చెప్పకముందే వాళ్లకు తెలిసింది. ఒక సాయంత్రం కింద షాపులో కంప్రెసర్ గొట్టం పేలిందట. వీధంతా ఉలిక్కిపడింది. వియ్యపురాలి చేతిలో గ్లాసు కిందపడింది. అల్లుడి భుజం మీదున్న బుడంకాయ మాత్రం రెప్ప కూడా వేయకుండా వాడి చొక్కా గుండీ కొరుకుతూనే ఉంది. అల్లుడు పాపను మంచం మీద కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టాడట. చాలాసేపు కొట్టాడట.

ఆస్పత్రికి నేనూ వెళ్లాను. పాపను నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, చెవుల్లో గొట్టాలు పెట్టి పరీక్ష చేశారు. డాక్టరమ్మ కాగితం మీద గీతలు చూపించింది. రెండు చెవులూ పోయాయి. మిషన్లు పెట్టి చూద్దాం, ఎక్కువ ఆశ పెట్టుకోకండి, ఎంత తొందరగా వస్తే అంత మంచిది అంది. నేను పోగొట్టిన ఆరు వారాలు అక్కడ నా ఒక్కడికే తెలుసు.

"పుట్టుకతోనేనా?" అని అల్లుడు అడిగాడు.

"అయ్యుండొచ్చు. పుట్టినప్పుడు పరీక్ష చేయించలేదు కాబట్టి ఎప్పటినుంచో చెప్పలేను. ఈమధ్య జ్వరం గాని, చెవి వాపు గాని వచ్చాయా?"

అల్లుడు మా అమ్మాయిని చూశాడు. చివరికి మా అమ్మాయే చెప్పింది, చెవులు కుట్టించామని, చీము పట్టిందని, జ్వరం వచ్చిందని. తమ్మె వాపుకీ వినికిడికీ సంబంధం ఉండదమ్మా, మీరు మనసులో పెట్టుకోకండి అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే మిగిలింది.

ఇంటికొచ్చాక అల్లుడు కేకలు వేయలేదు. వేసినా బాగుండేది.

"నేను ముందే చెప్పా," అన్నాడు. అంతే.

"నేను పిలిస్తే పలికేది అన్నయ్యగారూ. ఊ కొట్టేది. నా కళ్లారా చూశాను," అని వియ్యపురాలు చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఎదురుగా ముఖం పెట్టి పలకరిస్తే ఏ బిడ్డయినా ఊ కొడుతుంది.

మా అమ్మాయి ఆ రోజే పాప చెవుల తీగలు తీసేసింది. తీసి ఏం చేసిందో నేను అడగలేదు. తర్వాత అన్నం సరిగ్గా తినడం మానేసింది. అత్త ఏమన్నా పడుతోంది, మొగుడు మాట్లాడకపోయినా పడుతోంది. ఆస్పత్రిలో ఎవరడిగినా, నేనే చేశాను, నా వల్లే అని చెబుతోంది.

ఆదివారం లేతు షాపు మూసి ఉంటుంది. ఆరోజు వెళ్లాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ముగ్గురినీ కూర్చోమని చెప్పి నిలబడే మొదలుపెట్టాను. కుర్చీ వెనక మేకుల గురించి, తాళ్ల గురించి చెప్పాను. ఎన్నిసార్లు లాగానో, పక్క కొట్టాయన ఎలా తొంగి చూశాడో చెప్పాను. మూత జారలేదని, నేనే పడేశానని చెప్పాను. "సూది తగలకముందు నుంచే దానికి వినబడదు. నాకు తెలుసు. అమ్మాయి తప్పేం లేదు. తెలిసి కూడా చెప్పని తప్పు నాది," అన్నాను. నా నోట్లోంచి ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ రాలేదు.

వియ్యపురాలు మంచినీళ్లు తెచ్చిచ్చింది. "కూర్చోండి అన్నయ్యగారూ. ముందు కూర్చోండి."

అల్లుడు తల ఎత్తలేదు. "మీరంటే నాకు గౌరవం మామయ్యగారూ. కూతురు ఇలా అయిపోతుంటే ఏ తండ్రయినా ఏదో ఒకటి చెబుతాడు. రేపు నా కూతురికైతే నేనూ చెబుతా."

"కుట్టుమిషను ఆయన్ని అడుగు."

"ఆయనేం చెబుతాడు? తాళాలు మోగాయని చెబుతాడు. మీ కొట్లో రోజూ మోగుతాయిగా."

నేను మా అమ్మాయిని చూశాను. నాకు కావలసింది ఆమె నమ్మడం ఒక్కటే.

"మరి ఆరోజే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంది.

"భయమేసింది."

"నీకా? నేను మేడ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే ఒక్క మాటనకుండా ఎత్తుకుని ఆస్పత్రికి నడిచావు. నీకు భయమేంటి?" ఆమె లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పింది. "నేను పుట్టాక నువ్వు ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు. నిజమైతే నువ్వు రెండు ముక్కల్లో చెప్పేవాడివి. ఇన్ని మాటలంటే, దార్లో అల్లుకుంటూ వచ్చావు నాకోసం. వద్దు నాన్నా. నువ్వు కూడా అబద్ధాలాడితే నేను తట్టుకోలేను."

నేను మళ్లీ మొదలుపెట్టబోయాను. ఎంత ఎక్కువ చెబితే అంత అబద్ధం అవుతుందని తెలిసి ఆపేశాను.

ఇది జరిగి అయిదు నెలలైంది. మిషన్లు పెట్టారు, మార్చారు, లాభం లేదన్నారు. ఆస్పత్రి నుంచి వచ్చే బస్సు మా వీధి మలుపులోనే మారాలి. అందుకని గురువారాలు అమ్మాయి పాపను తీసుకుని కాసేపు కొట్లో కూర్చుంటుంది. పాప గచ్చు మీద పాకుతుంది.

మొన్న గురువారం ఎవరో కొత్త తల్లి వచ్చింది. ఎత్తుకున్న పాపకు ఆరు నెలలుంటాయి.

"చెవులు కుట్టేది మీరేనా పెద్దాయనా? మా ఇంట్లో ఒకరు ఇప్పుడే అంటారు, ఒకరు పెద్దయ్యాక అంటారు. బుర్ర తినేస్తున్నారనుకోండి," అంటూ కుర్చీలో ఉన్న మా అమ్మాయిని, కింద ఆడుతున్న బుడంకాయను చూసి నవ్వింది. "మీ పాపకీ కుట్టించడానికేనా అక్కా? మీరు చెప్పండి, ఇంత చిన్నప్పుడు కుట్టించొచ్చంటారా?"

"వద్దమ్మా," అంది మా అమ్మాయి. "నేను కుట్టించి నా బిడ్డను చెవిటిదాన్ని చేసుకున్నా."

"అది కాదు తల్లీ," అన్నాను నేను.

ఆ వచ్చినావిడ నన్నొకసారి, బల్ల మీది తీగల్నొకసారి చూసింది. మా అమ్మాయి నావైపు చూడనే లేదు. ఆవిడ పాప తలను భుజానికి అదుముకుని, పైకి కనిపిస్తున్న చెవి మీద అరచెయ్యి కప్పి మెట్లు దిగిపోయింది. మా అమ్మాయి బస్సు వచ్చిందేమో చూడ్డానికి లేచింది. నేను ఎవరిదో తెగిన గొలుసు పట్టకారుతో తీసుకుని, అతుకు వేయాల్సిన చోటు వెతకడం మొదలుపెట్టాను.