వెనక మూత లోపలి గీతలు

వాచీల రిపేరు తప్ప ఆమెకు వేరే పని రాదు. తండ్రి పక్కన పద్నాలుగేళ్ళు కూర్చుని నేర్చుకుంది. ఆయన పోయాక అదే బల్ల, అదే స్టూలు, కంటికి పెట్టుకునే అదే భూతద్దంతో షాపు నడుపుతోంది. పాత వాచీలు కొని అమ్మే మేనత్త కొడుకు ఒకరోజు వచ్చి, ఆదివారం పొద్దున తమ వాచీల క్లబ్బుకు రమ్మన్నాడు. ఊరికే కూర్చుని, ఎవరైనా ఏదైనా అడిగితే తల ఊపితే చాలన్నాడు. బావ అంత మర్యాదగా పిలిచినప్పుడే ఏదో మతలబు ఉందని ఆమెకు తట్టాల్సింది. తట్టలేదు.

తీరా వెళ్ళి చూస్తే క్లబ్బంటే పళ్ళ డాక్టరు గారి క్లినిక్కులో రోగులు కూర్చునే గది. గోడ మీద పుచ్చుపన్ను బొమ్మ, దాని కింద ఆరుగురు పెద్దమనుషులు. అందరి చొక్కాలకూ ఎడమ చెయ్యి మాత్రమే మడిచి ఉంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు, పలకరింపులన్నీ మణికట్లకే.

ముందు టైల్స్ షాపాయన అందుకున్నాడు. తన వాచీ మూడు వందల మీటర్ల లోతు నీళ్ళలో కూడా నడుస్తుందని పావుగంట చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్తూ దాన్ని విప్పి జేబులో దాచుకున్నాడు. రిటైరైన ప్రొఫెసరు తెల్లటి చేతి తొడుగులు వేసుకుని మరీ తన వాచీని డబ్బాలోంచి తీశాడు. కొన్న నాటి నుంచి కీ ఇవ్వలేదట, ఇస్తే అరిగిపోతుందట. కాళ్ళు అరుగుతాయని బిడ్డకు నడక నేర్పని తండ్రిని చూసినట్టు చూసిందామె. ఈలోగా ఎవరో టైమెంతైందని అడిగారు. ఆరు వాచీలూ ఆరు రకాలుగా చెప్పాయి. ఆఖరికి డాక్టరు గారు ఫోను తీసి చూశారు.

తర్వాత ఆయన వంతు. తన వాచీ ఒక ఓడ కెప్టెనుదని, యాభై ఏళ్ళు పెట్టెలో పడుందని, వెనక మూత ఇంతవరకు ఎవరూ తెరవలేదని చెప్పారు. అమ్మింది బావే. ఇవాళ అందరి ముందూ మొదటిసారి తెరిపిస్తానని డాక్టరు గారు వాచీని ఆమె చేతిలో పెట్టారు. తెరిస్తే విలువ పోతుందని బావ అడ్డుపడ్డాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆమె తెరిచింది. మూత లోపల సూదితో గీసిన సన్నటి అక్షరాలు, తేదీలు ఉన్నాయి. రిపేరు చేసిన ప్రతిసారీ తండ్రి అలాగే గీసేవాడు. అన్నిటికంటే కింద ఉన్న తేదీ ఆమె గీసిందే. పనికిరాని వాచీలని చెప్పి బావ నిరుడు షాపులోంచి ఒక పెట్టెడు పట్టుకెళ్ళడం అప్పుడు గుర్తొచ్చింది.

"ఇది మా నాన్న చేతిరాత," అంది. "ఈ మూత ఆయన రెండుసార్లు తెరిచారు, నేనోసారి తెరిచాను. ఇదొక బస్సు కండక్టరు గారి వాచీ. లోపలి మెషీను ఇంకోదానిది. డయలుకు రంగు ఈమధ్యే వేశారు."

ముందు తేరుకున్నది ప్రొఫెసరు. కెప్టెన్లు కూడా ఒడ్డుకొచ్చినప్పుడు రిపేరు చేయించుకుంటారు కదా అన్నాడు. ఆ కండక్టరు కెప్టెనుకు బంధువై ఉండొచ్చని టైల్స్ షాపాయన సాయం పట్టాడు. పది నిమిషాల్లో ఆ గీతలు ఓడ ప్రయాణాల లెక్క అయిపోయాయి. ఆమెకు చేతిపని వచ్చుగానీ చరిత్ర తెలియదని డాక్టరు గారు జాలిపడ్డారు. ఆమె లేచి వచ్చేసింది.

వీధిలో బావ వెంటపడి, తన నోటి దగ్గర కూడు తీసేయబోయిందని నిష్ఠూరమాడాడు.

"మా నాన్న బల్ల మీది సరుకుతో దొంగ కథలు అల్లావు. ఇక మా షాపు గడప తొక్కకు బావా," అంది. ఇంటికొచ్చేదాకా కోపం తగ్గలేదు.

బుధవారం డాక్టరు గారు ఒక్కరే షాపుకొచ్చారు. ఆయన బల్ల మీద పెట్టిన వాచీ ఆగిపోయి ఉంది. ఆయన దాని సంగతి ఎత్తలేదు. క్లబ్బులోకి కొత్తవాళ్ళు చేరుతున్నారని, ఆ గీతలు చెరిపేయాలని గొంతు తగ్గించి అడిగారు. అంటే ఆదివారమే ఆయనకు అంతా అర్థమైందన్నమాట. నడిపించమంటే నడిపిస్తాను గానీ గీతల జోలికి పోనని ఆమె చెప్పింది.

"నడవకపోయినా పర్వాలేదమ్మా. గీతలు పోతే చాలు."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు చెమర్చాయి. వాచీని బల్ల మీదుగా ఆయన వైపు నెట్టేసింది.

డాక్టరు గారు మూతను ఎక్కడో నున్నగా రుద్దించుకున్నారని, ఆయన్నే క్లబ్బు అధ్యక్షుణ్ణి చేశారని, ఆగిన వాచీని అందరూ తెగ మెచ్చుకున్నారని నెల తర్వాత మేనత్త చెప్పింది. అప్పుడే ఒక నర్సు బాగుచేయడానికిచ్చిన తన వాచీ కోసం వచ్చింది. చేతికి పెట్టుకుని, ముల్లు చూసి, డ్యూటీకి ఆలస్యమైందంటూ పరుగెత్తింది.