ఏడు నిమిషాల ఇల్లు

డ్రైవరుకి రెండు కిడ్నీలూ పనిచెయ్యడం మానేసిన ఏడాదే వాళ్ళు ఊరు మారారు. ఉన్న ఊళ్ళో డయాలసిస్ మెషిను లేదు. వారానికి మూడుసార్లు, పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపిన మనిషి అదే బస్సులో వెనక సీటు మీద అడ్డంగా పడుకుని ఇంటికి చేరేవాడు. ఆయన భార్యని ఊళ్ళో అందరూ టైలరమ్మ అనేవాళ్ళు. చూసి చూసి ఆమె ఒకరోజు కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి లేచింది.

"ఇంక నావల్ల కాదండీ. సిటీకి పోదాం. మెషిన్లు ఎక్కడుంటే మనమూ అక్కడే ఉందాం."

పిల్లాజెల్లా లేని సంసారం, కట్టిపడేసే బంధాలంటూ ఏమీ లేవు. డ్రైవరు నవ్వాడు. "స్టీరింగు నీ చేతిలో ఉంది. ఎటు తిప్పితే అటే" అన్నాడు.

టైలరమ్మ తమ్ముడు పన్నెండేళ్ళుగా ఆ నగరం శివారులోనే ఉంటున్నాడు. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. అక్కా బావా వస్తున్నారని తెలిసి, తన వీధిలోనే మేడమీద ఒక వాటా చూసిపెట్టాడు. రెండు గదులు, ముందు పొడుగాటి వరండా. వరండాలో నిలబడితే బస్సుల టెర్మినస్ మొత్తం కనిపిస్తుంది. డ్రైవరు గదుల్లోకి తొంగి కూడా చూడలేదు. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి నిలబడిపోయాడు.

"ఆ మూడోది చూశావా బావమరిదీ, క్లచ్చి పోయింది దానికి. శబ్దం వింటే తెలియట్లా? ఇంకో వారం, అంతే, రోడ్డు మధ్యలో ఆపేస్తుంది."

టీ తాగొస్తానని కిందికి దిగినవాడు అరగంటకి గానీ పైకి రాలేదు. వచ్చేటప్పటికి ముగ్గురు డ్రైవర్ల పుట్టుపూర్వోత్తరాలూ, ఒక మెకానిక్ అల్లుడి సంగతీ మోసుకొచ్చాడు. మెషిను మొదలయ్యాక ఆయన ముఖంలో అంత కళ ఆమె చూడనే లేదు.

కానీ హాస్పిటల్ అక్కడికి గంటంపావు దూరం.

మధ్యాహ్నం బ్రోకరు రెండో ఇల్లు చూపించాడు. హాస్పిటల్ వెనక సందులో, కింది వాటా. ఒక గది, ఒక వంటగది. కిటికీ తెరిస్తే చేతికందేంత దూరంలో పక్కింటి గోడ. పట్టపగలు లైటు వెయ్యాల్సిందే. బ్రోకరు వాళ్ళని హాస్పిటల్ గేటు నుంచి నడిపించుకొచ్చి, గుమ్మం ముందు ఆగి గడియారం చూపించాడు.

"ఏడంటే ఏడే నిమిషాలమ్మా. ఒంట్లో బాగాలేని మనిషున్న ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి?"

"ఇది ఇల్లు కాదే. హాస్పిటల్ దొడ్డిగుమ్మం" అన్నాడు డ్రైవరు. అన్న తీరులో నవ్వు లేదు.

మొగుడూ పెళ్ళాం సందు చివర నిలబడి చాలాసేపు వాదులాడుకున్నారు. మెషిను మీంచి లేచాక రెండడుగులు వెయ్యడమే గగనం, గంటంపావు బస్సులో ఎలా నిలబడతారని ఆమె అడిగింది.

"నిలబడేదేంటి? డ్రైవర్నని చెప్తే ఎవడైనా లేచి సీటిస్తాడు."

"ఒంటిమీద యూనిఫాం లేదండీ ఇప్పుడు" అనేసింది టైలరమ్మ.

నోరు జారిన మాట వెనక్కి రాదు. డ్రైవరు రోడ్డు వంక తిరిగాడు. తర్వాత, "సరే. నీ ఇష్టం" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఆ మాట ఎన్నోసార్లు అన్నాడు గానీ, అది మూత పడ్డట్టు వినిపించింది ఆమెకి ఆ ఒక్కసారే.

ఏడు నిమిషాల ఇంట్లోనే చేరారు. ఆమెకి రెండు వీధుల అవతల బట్టల షాపులో ఆల్టరేషన్ పని దొరికింది. పొద్దున్నించి సాయంత్రం దాకా ప్యాంట్ల కాళ్ళు మడిచి కుట్టడం, నడుములు బిగించడం, వదులు చెయ్యడం. మెషిను ఉన్న రోజుల్లో ఒక పూట సెలవడిగి ఆయన్ని తీసుకెళ్ళి తీసుకొచ్చేది. లెక్క ప్రకారం అంతా బాగానే ఉంది. ఆయన రక్తపరీక్షలు కూడా మెరుగయ్యాయి.

మనిషే తరిగిపోయాడు. పై వాటాల వాళ్ళు తలుపు తీస్తారు, తల ఊపుతారు, తలుపేసుకుంటారు. దారి పొడుగునా పలకరింపులు అందుకుంటూ బతికినవాడికి రోజుకి పది మాటలు కూడా ఖర్చు కావడం లేదు. సూది గుచ్చడానికి వీలుగా ఎడమ చేతిలో నరానికి ఆపరేషన్ చేశారు. అక్కడ వేలు పెడితే లోపల జరజరమంటుంది. ఆ చెయ్యి చెవికి ఆనించుకుని కూర్చునేవాడు. ఏంటండీ అది అని ఆమె అడిగితే, "ఇంజను ఆన్‌లోనే ఉంది. బండే కదలట్లా" అన్నాడు.

మూడో నెలలో ఉన్నట్టుండి గాలి మారింది. ఒకరోజు ఆయనే పిలిచి చెప్పాడు: "మాటిమాటికీ సెలవు పెడితే ఆ షాపువాడు మాత్రం ఎన్నాళ్ళు ఊరుకుంటాడు? నువ్వు పనికెళ్ళు. ఏడు నిమిషాలే కదా, నేనే వెళ్ళొస్తా. నేనేం పసిపిల్లాణ్ణా?"

వెళ్ళడం, రావడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి కబుర్లతో ఎదురుచూసేవాడు. ఫలానా చోట కొత్త వంతెన కడుతున్నారట, ఫలానా మలుపులో లారీ బోల్తా పడిందట. హాస్పిటల్లో నలుగురితో కలుస్తున్నాడు కాబోలు, పోనీలే అనుకుంది. ముఖం కాస్త నిండినట్టు కనిపించింది. ప్యాంటు బిగుతైందంటే, పొంగిపోయి తన చేతులతోనే నడుము కుట్లు విప్పి ఒక అంగుళం వదులు చేసింది. పదిహేను రోజులకి ఇంకో అరంగుళం. "ఒళ్ళు చేస్తున్నారు, నా దిష్టే తగిలేట్టుంది" అని నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఒక బుధవారం మెషిన్ల దగ్గర పనిచేసే నర్సు యూనిఫాం ప్యాంటు పట్టుకుని షాపుకొచ్చింది. టైలరమ్మ కింద కూర్చుని ఆ అమ్మాయి కాలి దగ్గర గుండుసూదులు గుచ్చుతోంది.

"అంకుల్ ఊరి నుంచి ఎప్పుడొస్తారాంటీ?"

"ఏ ఊరమ్మా?"

"ఏమో. ఫోన్ చేస్తే ఊళ్ళో ఉన్నానంటున్నారు. రెండు వారాల్లో రెండుసార్లే వచ్చారు. అలా మానేస్తే ఒంట్లో నీరు చేరిపోతుందాంటీ, చాలా డేంజర్. కాళ్ళు వాచాయా?"

టైలరమ్మ నోట్లో రెండు గుండుసూదులున్నాయి. వాటిని తీసి డబ్బాలో వేసింది. అంగుళం, అరంగుళం. తను వదులు చేసింది కండకి కాదు, నీళ్ళకి.

శుక్రవారం మెషిను రోజు. ఆమె పనికి వెళ్ళినట్టే వెళ్ళి సందు మొదట్లో నిలబడింది. డ్రైవరు తలదువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. హాస్పిటల్ వైపు తిరగలేదు. మెల్లగా, రెండుచోట్ల ఆగి ఊపిరి పీల్చుకుంటూ, పెద్దరోడ్డు మీది స్టాపుకి వెళ్ళి తమ్ముడుండే శివారు బస్సెక్కాడు. ఆమె వెనక తలుపులోంచి ఎక్కింది. బస్సు నడిపేవాడు ఆయన్ని చూడగానే "రండి పెద్దాయనా, మీ సీటు ఖాళీగానే ఉంది" అన్నాడు. ఇంజను పక్క సీటులో డ్రైవరు దొరలా కూర్చున్నాడు. దారంతా ఆయన మాట, ఆయన నవ్వు వెనక దాకా వినిపిస్తూనే ఉన్నాయి. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు తనంతట తనే బ్రేకు నొక్కుతోంది.

టెర్మినస్‌లో అందరూ దిగిపోయాక ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఆయన ఉలిక్కిపడలేదు.

"తెలిసిపోయిందా" అన్నాడు.

"చచ్చిపోదామనుకుంటున్నారా?"

"చావుకి కాదే ఇక్కడికొచ్చేది." ఒక్కో మాటకీ ఆయాసపడుతున్నాడు. "ఆ గదిలో పొద్దున లేస్తే గోడ, పడుకోబోతే గోడ. ఆ మెషిను నాకు ఇంకో రెండ్రోజులిస్తుంది. తీసుకెళ్ళి ఆ గోడకే ఇవ్వాలి. ఇక్కడ ఇద్దరు మనుషులు నన్ను అన్నా అంటారు. అది తప్పా?"

"నాతో చెప్పొచ్చుగా!"

"నీ ఇష్టమన్నా కదా. మాటిచ్చి తప్పుతానా?" అని ఆయన నవ్వబోయాడు, దగ్గొచ్చింది.

టైలరమ్మ ఆ ఖాళీ బస్సులో ఆయన పక్కన కూలబడి, మొగుడి చొక్కా గుండీ పట్టుకుని ఏడ్చింది. ఆయన ప్రాణం కాపాడుతున్నాననుకుంటూ, ఆ ప్రాణానికి ఏం కావాలో ఒక్కనాడూ అడగలేదు తను. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఒప్పందం చేసుకుంది. ఆయన ఒక్క రోజు కూడా మెషిను మానకూడదు. ఇల్లు మారే పూచీ తనది. మెషిను రోజుల్లో తనే తోడొచ్చి, బస్సులో పడుకోబెట్టి తీసుకొస్తుంది. షాపు పని పోతే పోనీ.

తమ్ముడికి ఫోన్ చేస్తే, ఆ వరండా వాటాలో ఎప్పుడో ఎవరో చేరిపోయారన్నాడు. "అయినా నువ్వు దిగులుపడకక్కా. వెనక వీధిలో ఇంకోటుంది, అదీ మేడమీదే. ఆదివారం బావని తీసుకునిరా, చూద్దాం."

ఆ మధ్యాహ్నమే ఆయన్ని మెషిను మీద పడుకోబెట్టింది. కానీ వారాల తరబడి పేరుకున్నది ఒక్క పూటలో దిగేది కాదు. శనివారం పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసిపెట్టమన్నాడు, మర్నాటికి. ఆమె ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూస్తుండగా వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూస్తే ఆయన నోరు ఒక పక్కకి లాగేసి ఉంది. కుడి చెయ్యి వేలాడిపోతోంది.

ఆమె కేకకి, ఎన్నడూ పలకరించని పై వాటాల వాళ్ళు పరుగున దిగారు. నలుగురూ కలిసి దుప్పట్లో మోసుకుపోయారు. ఏడు నిమిషాలు కూడా పట్టలేదు.

"బీపీ పెరిగిపోయి మెదడులో నరం చిట్లింది. ఇల్లు దగ్గర కాబట్టి సరిపోయిందమ్మా. ఇంకో అరగంటైతే మనిషి దక్కేవాడు కాదు" అన్నాడు డాక్టరు. మంచి మాటే చెబుతున్నాననుకున్నాడు పాపం. ఆమె చేతులు జోడించింది.

మూడు వారాలకి డ్రైవరు ఇంటికొచ్చాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. ఇక ఆయన బస్సెక్కేది లేదు, మేడ మెట్లెక్కేది లేదు. వారానికి మూడుసార్లు చక్రాల కుర్చీలో తోసుకుంటూ తీసుకెళ్ళాలి, తోసుకుంటూ తీసుకురావాలి. అంత దగ్గర ఇల్లు తప్ప ఇంకే ఇల్లూ వాళ్ళకి పనికిరాదు.

ఇంటికొచ్చిన రోజు సాయంత్రం ఆయన ఏదో అంటుంటే ఆమె చెవి దగ్గరపెట్టి వింది.

"నువ్వన్నదే... రైటు. ఈ ఇల్లే... మంచిదయింది."

ఎత్తిపొడుపు కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ఈ మాట కోసం ఆమె నెలల తరబడి కాచుక్కూర్చుంది. ఇప్పుడది చెవిన పడితే, వంటగదిలోకి వెళ్ళి, నోట్లో చీరకొంగు కుక్కుకుని గోడకి చేరబడిపోయింది.

తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఆ వెనక వీధి ఇంటాయన అడుగుతున్నాడు. ఇంకో నెల ఆగమనమంటావా?"

"వద్దురా. ఎవరికైనా ఇచ్చెయ్యమను."

"బావకి కొంచెం నయమయ్యాక..."

"ఇచ్చెయ్యమన్నానా" అని పెట్టేసింది.

పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని నర్సు చెప్పి పంపింది. వేళ కాగానే టైలరమ్మ మంచం దగ్గరికొచ్చి, ఆయన భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టింది.

"ఎటు తిప్పనండీ?"

"ఎటైనా... ఒకటే" అన్నాడు డ్రైవరు.