కొత్త ఫైలులో మొదటి లైను

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లం: కుట్టుమిషను దగ్గర అమ్మ, ఆ చప్పుడుకు విసుక్కుంటూనే దాని పక్కనుంచి కదలని నాన్నమ్మ, లోపలి గదిలో అక్క, అక్క పక్క కుర్చీలో వాళ్ల ఆఫీసు మేడం, వాకిట్లోకీ ఇంట్లోకీ పరుగులు పెడుతూ మా పిన్ని కూతురు బొంగరం, ఇంకా నేను. నాన్న పొద్దున్నే వ్యాను తీసుకుని వెళ్లిపోయాడు. నన్ను చివర చెప్పుకోవడం నాకు అలవాటే. నేను నడిస్తే చప్పుడు వినబడదని ఇంట్లో అందరూ నన్ను పిల్లి అంటారు. పిల్లి అయినా ఆకలేస్తే అరుస్తుంది, ఇది అదీ చెయ్యదు అంటుంది నాన్నమ్మ.

మేడం వచ్చింది అక్క చేసిన పని చూడటానికి. బడిపిల్లలు ప్రోగ్రాములు రాసుకోవడానికి అక్క వాళ్ల ఆఫీసు ఒక ఎడిటర్ తయారు చేసింది. మా బడి కంప్యూటర్ గదిలో ఉన్నదీ అదే. మా అక్క ఆ ఆఫీసులో పనిచేస్తుందని నేను బళ్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అందరూ ఒక్కసారి నావైపు తిరుగుతారు.

ఆ ఎడిటర్‌లో కొత్త ఫైలు తెరవగానే ముందుగానే కొంత రాసి ఉంటుంది. దాన్ని టెంప్లేట్ అంటారు. రెండు మూడు అక్షరాలు కొట్టి ఒక మీట నొక్కితే మిగతా ముక్కంతా దానంతటదే వచ్చి పడుతుంది. అది స్నిపెట్. ఈ రెండూ పెద్ద పెద్ద ప్రోగ్రామర్ల కోసం రాసినట్టున్నాయనీ, మొదటిసారి మీట నొక్కే పిల్లల కోసం మళ్లీ రాయాలనీ అక్క ఆఫీసులో పట్టుబట్టింది. ఎండాకాలమంతా తిండి కూడా బల్ల దగ్గరే. మేడం సరే అంటే అక్క రాసినవి బళ్లు తెరిచేసరికి అన్ని చోట్లకూ వెళ్తాయి. వద్దంటే పాతవే ఇంకో ఏడాది నడుస్తాయి.

నేను మంచినీళ్లు పట్టుకుని వెళ్లేసరికి మాటలు అప్పటికే వేడిగా ఉన్నాయి.

"పాతదాంతో వచ్చిన ఇబ్బందేంటో నాకు అర్థం కావట్లేదు," అంటోంది మేడం. "ఒక్క బడి నుంచైనా ఫిర్యాదు వచ్చిందా?"

"పిల్లలు ఫిర్యాదు చెయ్యరు మేడం. మూసేసి వెళ్లిపోతారు."

"అది నీ ఊహ. ఊహ మీద అన్ని బళ్లలోనూ మార్చేస్తామా?"

అక్క పాత టెంప్లేట్, కొత్త టెంప్లేట్ పక్కపక్కన తెరిచింది. పాతది తెరంతా నిండిపోయి ఉంది. తేదీ, హక్కులు, ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఇంకా ఏవేవో బ్రాకెట్లు. అక్క అదంతా కోసి పారేసింది. కొత్తది కడిగిన పలకలా ఉంది. నాకు భలే గర్వంగా అనిపించింది. గ్లాసులు బల్లమీద పెట్టి వెనక్కి తిరగబోతూ ఇంకోసారి తెర వైపు చూశాను. అంతే, అక్కడే ఆగిపోయాను.

ఆ శుభ్రమైన తెర మధ్యలో ఒక లైను మాత్రం ఉంది. పాతదాంట్లోంచి అక్క తీసెయ్యకుండా ఉంచిన లైను. మొదట రెండు వాలుగీతలు, వాటి పక్కన "మీ ప్రోగ్రామ్ ఇక్కడ రాయండి" అని. ఆ లైను చివర కర్సర్ మిణుకుమిణుకుమంటోంది.

మా క్లాసులో అందరమూ రాసింది అక్కడే.

కర్సర్ ఎక్కడుందో అక్కడే రాశాం. ఇంకెక్కడ రాస్తాం? రెండు వాలుగీతల తర్వాత ఏం రాసినా అది మనుషులు చదువుకోవడానికి మాత్రమేననీ, కంప్యూటర్ ఆ లైనును చూడకుండా దాటిపోతుందనీ మాకు ఎవరూ చెప్పలేదు. పుస్తకంలోని ఒక లైను ప్రోగ్రామును ఉన్నది ఉన్నట్టు కొట్టి, రన్ నొక్కి, చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లం. తెర మీద ఏమీ వచ్చేది కాదు. తప్పు అని కూడా వచ్చేది కాదు. తప్పంటే దిద్దుకుంటాం. ఏమీ అనకపోతే ఏం చేస్తాం? సారు వచ్చి, కేబుల్ కదిపి, మిషన్లు పాతవైపోయాయని చెప్పి వెళ్లిపోయేవారు. మా బెంచీలో లెక్కల రాణి అని ఒకమ్మాయి ఉండేది. క్లాసులో ఎవరికి లెక్క రాకపోయినా దాని దగ్గరికే వెళ్తాం. అలాంటిది, కొన్నాళ్లు చూసి, "కంప్యూటర్‌కి నేనంటే పడదే" అని చెప్పి డ్రాయింగు క్లాసుకి మారిపోయింది. ఆ తర్వాతెప్పుడో నా మోచెయ్యి తగిలి కర్సర్ కింది లైనులోకి దిగింది. అక్కడ కొడితే ప్రోగ్రామ్ నడిచింది. బెంచీలన్నీ గుసగుసలాడుకుని అందరూ కింద రాయడం మొదలుపెట్టాం. మిషన్లు బాగయ్యాయని సారు సంతోషించారు. లెక్కల రాణి మాత్రం వెనక్కి రాలేదు.

ఇప్పుడు అదే లైను అక్క చేతి మీదుగా మళ్లీ అన్ని బళ్లకూ వెళ్లబోతోంది.

మేడం వెళ్లాక చెబుదామనుకున్నాను. కానీ మేడం సరే అన్నాక చెప్పి ఏం లాభం?

"అక్కా," అన్నాను.

నా గొంతు నాకే వినబడలేదు. ముందు గదిలో కుట్టుమిషను గడగడలాడుతోంది. ఇంకోసారి అన్నాను. అక్క తెర మీదినుంచి తల తిప్పలేదు. విన్నది నాన్నమ్మ. వినిపించదు వినిపించదంటూనే వినకూడనివన్నీ వినే మనిషి.

"ఏయ్, మిషను ఆపవే!" అని అరిచింది అమ్మ మీద. "పిల్లి మాట్లాడింది!"

మిషను ఆగింది. ఇల్లంతా ఆగింది. అక్క, మేడం, గుమ్మం దగ్గర కత్తెర పట్టుకునే నిలబడిన అమ్మ, అందరూ నన్నే చూస్తున్నారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"ఏమే? చెప్పు," అంది అక్క.

"ఆ లైను..." వేలు చూపించాను. "దాని పక్కనే రాస్తారు."

"ఎవరు?"

"అందరూ. మేమందరం అలాగే రాశాం. ఆ గీతల పక్కనే."

మేడం నవ్వింది. వెక్కిరింపు కాదు కానీ నమ్మినట్టు కూడా లేదు. "ఆ లైను బూడిద రంగులో ఉంటుంది కదమ్మా. అది వేరని తెలియదా?"

"రంగు బాగుందనుకున్నామండి."

"కింద బోలెడంత ఖాళీ ఉంది కదా. అక్కడెందుకు రాయలేదు?"

నేను నోరు తెరిచేలోపే నాన్నమ్మ అందుకుంది. "బాగుందమ్మా! ఇక్కడ కూర్చో అని కుర్చీ చూపిస్తే ఎవరైనా వెళ్లి పక్కింట్లో కూర్చుంటారా?"

"అత్తయ్యా, మీరు ఊరుకోండి," అంది అమ్మ. తను మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

అక్క ముఖం పాలిపోయింది. తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "అందరూనా?" అంది. నేను తల ఊపాను. లెక్కల రాణి సంగతి కూడా చెప్పాను. నా జీవితంలో కొత్తమనిషి ముందు అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. చెప్పడం అయ్యేసరికి మేడం ముఖంలో నవ్వు లేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది.

"సరే. మరి ఏం ఉండాలి అక్కడ?" అని అడిగింది. నన్నే.

అక్క లేచి తన కుర్చీ నా వైపు తోసింది. "రాయి. నువ్వే రాయి."

కూర్చున్నాను. ముందు ఆ బూడిదరంగు లైను చెరిపేశాను. ఖాళీ తెర వచ్చింది. ఖాళీ తెర కూడా భయమే, పరీక్ష కాగితం ఇచ్చి ప్రశ్న చెప్పనట్టు. అమ్మ కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్లకు ఉత్త గుడ్డ చేతికివ్వదు. ముందు ఆది చొక్కా ఇస్తుంది, కుట్టి సిద్ధంగా ఉన్నది, చేతులు పెట్టి తిరగేసి చూసుకోమని. అందుకని నేను నడిచే లైను ఒక్కటి రాశాను. రన్ నొక్కితే తెర మీద ఒక మాట వచ్చే లైను. దాని కింద ఒక ఖాళీ లైను వదిలాను.

"ఇందులో ఒక చిక్కుంది," అంది మేడం, నా భుజం మీదుగా చూస్తూ. "ముందే నడిచేది ఇస్తే పిల్లలు రన్ నొక్కి, వచ్చిందని చప్పట్లు కొట్టి లేచిపోతారు. ఇక వాళ్లు రాసేదేంటి?"

అది నిజమే. నేను ఆలోచించాను. మా బళ్లో కొత్త టీచరు హాజరు పిలుస్తూ ఎవరి పేరైనా తప్పు చదివితే ఆ అమ్మాయి దాన్ని దిద్దకుండా ఒక్క క్షణం కూడా ఆగదు. నాలాంటిదాన్ని కూడా ఆగనివ్వదు ఆ తప్పు. లైను మార్చి ఇలా రాశాను: "నా పేరు గుమ్మడికాయ."

అక్క ఫక్కున నవ్వింది. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరూ ఊరుకోరండి," అన్నాను. "తన పేరు పెట్టుకునేదాకా లేవరు."

మేడం చెయ్యి చాచి తనే రన్ నొక్కి చూసింది. "స్నిపెట్లు?" అంది తర్వాత.

ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే స్నిపెట్ తెరిచి చూపించింది అక్క. అందులో ఎక్కడికక్కడ ఖాళీ గళ్లు, వాటిలో "విలువ", "షరతు" అనే మాటలు. నేను ఆ గళ్లన్నీ నింపేశాను. ఇప్పుడు మీట నొక్కగానే "లేవండి" అని మూడుసార్లు చెప్పే ముక్క వచ్చి పడుతుంది, మా నాన్నమ్మ పొద్దున్నే చెప్పినట్టు. మూడు తీసి ముప్పై పెట్టి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది.

"ముప్పై సార్లు చెప్పినా ఇది లేవదు," అంది నాన్నమ్మ.

"బాగానే ఉంది," అంది మేడం నెమ్మదిగా. "కానీ నాకు నచ్చితే చాలదు. మీ అందరికీ ముందే తెలుసు ఇదేంటో. ఏమీ తెలియని చేతుల్లో నిలబడితే నేనే సంతకం పెట్టి పంపిస్తాను. కంప్యూటర్ ఎప్పుడూ ముట్టుకోని పిల్లలు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

అందరం ఒకేసారి వాకిలి వైపు తిరిగాం.

బొంగరాన్ని పట్టుకురావడానికి అమ్మ వెళ్లాల్సి వచ్చింది. మోకాళ్ల నిండా దుమ్ముతో వచ్చి, కుర్చీలో కాళ్లు మడిచి కూర్చుని, "ఆటలున్నాయా ఇందులో?" అని అడిగింది. అక్క కొత్త ఫైలు తెరిచింది. రన్ మీట చూపించి, అది నొక్కు అని మాత్రం చెప్పింది. నొక్కింది. తెర మీద వచ్చినదాన్ని కూడబలుక్కుని చదివింది.

"నా పేరు గుమ్మ... గుమ్మడి... ఏయ్! ఎవరే గుమ్మడికాయ? నేనా?"

చెప్పొద్దన్నట్టు మేడం మా వైపు చెయ్యి ఊపింది.

"నేను కాదు! ఎవరు రాశారిది?" అంటూ కీబోర్డు లాక్కుంది. లైను దొరికింది. గుమ్మడికాయ అనే మాట మీద వేలు పెట్టి తెరనే రుద్దింది, పలక మీద చెరిపినట్టు. పోలేదు. నా వైపు చూసింది. నా చెయ్యి నాకు తెలియకుండానే చెరిపే మీట వైపు వెళ్లిపోయింది.

"ఆగమ్మా," అంది మేడం. "రాసినవాళ్లు లోపల ఉండకూడదు. నువ్వు చెయ్యక్కర్లేదు, కళ్లతో చూపించినా అది నీ సాయమే అవుతుంది. బయటికి వెళ్లు."

"మరి అక్క?"

"ఇది మీ అక్క రాసింది కాదుగా."

అక్క నా భుజాలు పట్టుకుని గుమ్మం దాకా నడిపించింది. అక్క కళ్లు తడిగా ఉన్నాయి, మూతి మాత్రం నవ్వుతోంది. "వెళ్లవే, ప్రోగ్రామరూ," అంది నాకు మాత్రమే వినబడేలా. లోపల ఒక మీట చప్పుడైంది. కాస్త ఆగి, ఇంకోటి. తర్వాత గబగబా చాలా. నేను మెడ సాచి చూడబోయాను. అక్క నా ముఖం మీదే తలుపు వేసేసింది.